పిప్పి ఆరబోసిన వంతెన

తుప్పు పేరెత్తితే మా పై అధికారికి ఒళ్లు మండేది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో అనకాపల్లి ఆఫీసులో నేను కొత్త ఇంజనీరుని. మునగపాక వైపు పంటకాలువ మీద మనుషులు నడిచే చిన్న వంతెన గీయమన్నారు. నేను ఏరికోరి రైలు వ్యాగన్లకు వాడే రకం ఇనుము ఎంచుకున్నాను. దానికి రంగు అక్కర్లేదు. పైన పట్టిన తుప్పే గట్టిపడి లోపలి ఇనుముని కాపాడుతుంది. తడిసినప్పుడల్లా మళ్లీ ఆరాలి, అదొక్కటే షరతు.

"ప్రారంభానికి పెద్దోళ్లు వత్తారు. తుప్పు వంతెనకి రిబ్బను కడతావేటయ్యా? సిల్వర్ పెయింటు కొట్టించు" అన్నాడాయన. ఆయన చదివిన ఇంజనీరింగంతా ఆ డబ్బాలోనే ఉంది. ఒకసారి రంగు వేస్తే మళ్లీ వెయ్యడానికి ఎవరొస్తారు? మా ఆఫీసు గేటుకే రంగు వేసే దిక్కు లేదు. నెల రోజులు పోట్లాడి నెగ్గాను. నా అంతటివాడు లేడనుకున్నాను.

అవతలి గట్టున పొలమున్న రైతు మెట్లకి తన నేలలో జాగా ఊరికే ఇచ్చాడు. ఆయన భార్య గడ్డిమోపుతో తాటిదుంగ మీద కాలువ దాటుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి చుట్టుదారిన కుంటుకుంటూ పొలానికి వెళ్లేది. "మా ఆడది బయం లేకుండా దాటితే సాలు బాబూ" అనేవాడు.

ఆయనే నా కాగితం మీద వేలు పెట్టి అడిగాడు. "ఈ నడిచే రేకుకి సందులేవి బాబూ? బెల్లం వండే రోజుల్లో పొయ్యిలోకి పిప్పి ఆరబెట్టాలి కదా. గట్టు మీద జాగా సాలదు. దీని మీదే ఆరేత్తారు. నీరు దిగిపోవాల."

వంతెన మీద చెరకు పిప్పి ఆరబెట్టడమేమిటని నవ్వాను. సందులుంటే చూపుకి బాగోదు. పైగా అందం కోసం రెండు పక్కలా అంచు కట్టించాను. ఈ ఇనుముని తుప్పు తినదు కదా అని రేకు మందం కూడా తగ్గించాను. "వంతెన నడవడానికండీ, వంటచెరకుకి కాదు" అన్నాను.

బదిలీ మీద వెళ్లిపోయి ఏడేళ్ల తర్వాత, నా గొప్ప నేనే చూసుకుందామని వెళ్లాను. పక్కల పట్టుకునే కమ్మీలు మంచి ముదురు గోధుమ రంగుకి తిరిగాయి. నేను చెప్పినట్టే తుప్పు వాటిమీద ఆగిపోయింది. నడిచే రేకు మాత్రం జల్లెడైపోయింది. అంచుల మధ్య పుల్లటి పిప్పి ఏటేటా నాని, కింద ఇనుముని ఆరనివ్వలేదు. వంతెన మొదట్లో ముళ్లకంప అడ్డం వేసి ఉంది. పక్కనే కొత్త తాటిదుంగ.

గట్టున రైతు నన్ను పోల్చుకున్నాడు. "మీ ఇనుం గొప్పదే బాబూ. మా పిప్పికే సదువు లేదు" అన్నాడు, నవ్వకుండా.

అప్పుడే అవతలి నుంచి ఆయన భార్య దుంగ మీద కూర్చుని, గడ్డిమోపుని ముందుకి తోసుకుంటూ, జానెడు జానెడు జరుగుతూ వస్తోంది. సగంలో తలెత్తి నన్ను చూసింది.

"వంతెన కట్టిన బాబు వచ్చేడు! నాను వచ్చి బువ్వ పెడతాను, ఎల్లనీకు" అని భర్తతో సంబరంగా అంది.

ఆవిడ ఇవతలికి చేరేదాకా నేను తల ఎత్తలేకపోయాను.