బాయికాడి మోటరు

నేను రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. తినే అన్నం మీద ఒట్టు, కుట్టే సూది మీద ఒట్టు, నా రెండు కళ్ల మీద ఒట్టు. ఒట్లు ఎక్కువయ్యాయని అనుమానపడకండి. ఇబ్రహీంపట్నంలో నా సంగతి తెలిసినవాళ్లకు ఒక ఒట్టు చాలదు. మా దుకాణం పక్కనున్న చాయ్ హోటల్‌లో నేను "నిన్న పొద్దున" అని మొదలుపెడితే చాలు, గ్లాసు కింద పెట్టి "ఏ నిన్ననే అన్నా? అయిన నిన్ననా, నువ్వు చేసిన నిన్ననా?" అని అడుగుతారు. అందుకే ముందుగా చెప్పేస్తున్నాను. ఇది అయిన నిన్న.

నాది సాగర్ రోడ్డు మీద కార్ల సీట్లు కుట్టే దుకాణం. కొన్నవాడికి కారు బయటి నుంచి తెలుస్తుంది, నాకు లోపలి నుంచి తెలుస్తుంది. సీట్ల సందుల్లో నాకు గాజులు దొరికాయి, బీరువా తాళాలు దొరికాయి, పంచని పెళ్లిపత్రికలు దొరికాయి. ఒకసారి పళ్లసెట్టు దొరికింది. దాని సొంతదారు వచ్చి, నల్లా కింద కడుక్కుని, నా ముందే పెట్టుకుని, అప్పుడు గానీ "మంచిదన్నా" అనలేదు. అంతవరకు ఆయన ఏమన్నాడో నాకు అర్థం కాలేదు.

ఆదివారాలు పట్నం నుంచి కొందరు తెల్లటి బూట్లు వేసుకుని వస్తారు. ఈ చుట్టుపక్కల పాత కాలపు కార్లు ఏమైనా ఉన్నాయా, అన్నీ మాయమైపోయాయా అని అడుగుతారు. పాత కార్లు మాయం కాలేదు, పని మార్చుకున్నాయి అని నేను చెప్తాను. మా వైపు టైరుబండ్ల కింద ఇరుసు ఎక్కడిదనుకున్నారు? కారుదే. ఒక కారు వెనక సీటు కల్లు కంపౌండులో ముప్పై ఏళ్లు కూర్చోబెట్టింది. ఇంకొకదాని బానెట్టు కింద ఇప్పటికీ కోళ్లు పొదుగుతున్నాయి. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక రైతు పాత కారు హారన్‌తో జొన్నచేల మీది చిలకల్ని తోలేవాడు. ఆ హారన్‌కు అలవాటుపడి చిలకలే రోడ్డు మీది లారీలకు సైడు ఇచ్చేవని చెప్తారు. చెప్తారంటే, నేనే చెప్తాను.

ఒక్కటి మాత్రం పని మార్చుకోకుండా దాక్కుంది. దాని కంపెనీ పేరు రాయను. రాస్తే తెల్లబూట్లు సోమవారాలు కూడా వస్తాయి.

మా అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ, ఇబ్రహీంపట్నానికి అరగంట దూరంలో ఒక వ్యవసాయం ఇంటికి పెద్ద కోడలు. డెబ్బై దాటాయి. ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కిస్తుంది. ఆమె మామగారు కొడుకులిద్దరికీ భాగాలు పంచి, స్టాంపు కాగితం మీద రాయించాడు. నేనింకా పుట్టని రోజుల మాట. బావికాడి పశువుల కొట్టం చిన్న కొడుక్కి పోయింది. చివర్లో విడిగా ఒక మాట ఉంది: "బావికాడి మోటరు పెద్ద కోడలికి."

మా దిక్కు మోటరంటే బావిలోంచి నీళ్లు తోడేది. కరెంటుది. పొద్దున లేస్తే రైతు నోట ముందు వచ్చే మాట అదే. మోటరు పెట్టినవా, మోటరు బందు చేసినవా, మోటరు కాలిందా. కారును మోటరని పిలిచిన తరం దాదాపు వెళ్లిపోయింది. మామ బతికున్నన్నాళ్లు పెద్దమ్మ ఆ మోటరు ఊసెత్తలేదు. ఆయన పోయాక ఒకసారి "నా మోటరు నాకియ్యిండ్రి" అని అడిగింది. ఇచ్చేశారు. అప్పుడే కాలిపోయి బావిలోంచి పైకి తీసిన ఐదు హెచ్‌పీ మోటరును, ఆమె మరిది కొడుకు ట్రాక్టరులో తెచ్చి వాకిట్లో దించాడు. దానికి బంతిపూల దండ వేసింది నేనే. దాచడమెందుకు.

"గిది పంపు. నా మోటరు నాలుగు చక్రాలది" అంది పెద్దమ్మ.

ఊరంతా నవ్వింది. ముసలివాళ్లు కొందరు "అవ్, ఆ ఇంట్ల కారుండె, గని ఎన్నడో అమ్మిండ్రు" అన్నారు. అప్పటి నుంచి ఎవరిదైనా అయ్యేపని కాదంటే మా ఊళ్లలో "పెద్దమ్మ మోటరే" అనడం మొదలైంది. చాయ్ హోటల్ దాకా ఆ మాటను మోసుకొచ్చింది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున పెద్దమ్మ నా దుకాణం ముందు షేర్ ఆటో దిగింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఆ స్టాంపు కాగితం.

"రేపు జేసీబీ వస్తదట రా."

"ఏడికి పెద్దమ్మా?"

"బాయికాడికి. ప్లాట్లు చేస్తున్నరు. కొట్టం కూలగొడ్తరట. లోపల నా మోటరున్నది."

నాకు నవ్వొచ్చింది. ఆమె చూసింది.

"నవ్వు. నువ్వు దినాం నూరు అబద్ధాలు చెప్పినా నీ చాయ్‌కాడ కూసోని వింటరు. నేను ఇరవై ఏండ్ల సంది ఒక్కటే నిజం చెప్తున్న. ఒక్కడన్న విన్నడా? రేపు గోడ వడితే మోటరు నుజ్జయితది. దాని తోటి నా మాట గూడ పోతది. సచ్చిందాంక పిచ్చి ముసలిదాన్నే."

చేతిలోని సూది సీటుకు గుచ్చి, షట్టరు దించాను. స్కూటర్ తీశాను.

బావి దగ్గర అప్పటికే చెట్లు కొట్టేశారు, హద్దురాళ్లు పాతుతున్నారు. మరిది కొడుకు అక్కడే ఉన్నాడు. నలభై దాటినవాడు, మంచివాడే, కాకపోతే ఫోను చెవి నుంచి దించడు.

"మల్ల మోటరేనా పెద్దమ్మా? అన్నా, నువ్వన్న చెప్పరాదే!"

పెద్దమ్మ నేరుగా కొట్టంలోకి పోయి, కందికట్టె పక్కకు లాగి, వెనక మట్టిగోడకు వీపు ఆనించి కూర్చుంది. "గిది కొట్టం గోడ గాదు. మా మామ తర్వాత పెట్టిచ్చిండు. గడ్డపారతోటి మెల్లగ తియ్యుండ్రి. తీసినంక ఏం లేకుంటె, నేనే జేసీబీకి కొబ్బరికాయ కొడ్త."

మరిది కొడుకు నా వైపు చూశాడు. నేను భుజాలు ఎగరేశాను. చివరికి వాడే గడ్డపార అందుకున్నాడు. పది పోట్లకు మనిషి తల పట్టేంత పొక్క పడింది. లోపలి నుంచి ముందుగా ఒక ముంగిస వచ్చింది. తొందరేమీ పడకుండా, అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్న మనిషిలా మా అందరినీ ఒకసారి చూసి, బావి వైపు నడిచి పోయింది. వాడు ఫోను లైటు వేసి పొక్కలో పెట్టాడు. అవతల నుంచి రొట్టెల పెనమంత అద్దం ఒకటి మా లైటును మాకే తిప్పి కొట్టింది.

హెడ్‌లైటు.

గోడ మొత్తం దించేసరికి సగం ఊరు వచ్చింది. నల్ల కారు. తలుపులు వెనక్కి తెరుచుకునేవి. పక్కన కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి మెట్టు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పే రంధ్రం. టైర్లు మట్టిలో కలిసిపోయాయి గానీ, ఒళ్లు మాత్రం అట్లాగే ఉంది. నేను వెనక తలుపు తీసి సీటు మీద చెయ్యి పెట్టాను. అసలైన తోలు. లోపల గుర్రపు వెంట్రుకల కూరుడు. సీటుకు ఒక పక్క మాత్రమే ముంగిస సంసారం చేసింది. రెండో పక్క ముట్టలేదు.

"అన్నా, ఇది ఎంతకు పోతదే?" అన్నాడు మరిది కొడుకు, గొంతు తగ్గించి.

"యాడికి పోతదిరా?" అంది పెద్దమ్మ. "నా ఇంటికి పోతది."

"ఎట్లయితది పెద్దమ్మా? కొట్టం మాది. కొట్టంల ఉన్నది మాది. నీకు రాసింది మోటరు. ఇచ్చినం. దండ గూడ ఏసినం."

జనం తలలూపారు. మాట మాటే కదా. కాగితంలో కారని లేదు.

అప్పుడు నాకు తట్టింది. నేను ముందుకు వచ్చి, పెద్దమ్మ చేతిలోంచి కాగితం తీసుకుని, హైకోర్టు వకీలులాగా గొంతు సవరించుకున్నాను. "తమ్మీ, ఈ కాయిదం రాసినప్పుడు ఈ బాయికి కరెంటున్నదా?" అని అడిగాను. వాడు నోరు తెరిచాడు. కాగితంలో పై వరస చదివి వినిపించాను: "బావి ఇంజను ఇద్దరికీ ఉమ్మడి." అప్పట్లో నీళ్లు తోడింది ఆయిల్ ఇంజను. దాన్ని మా దిక్కున పుట్టినవాడెవడూ మోటరనడు. ఇంజను వేరే వరసలో ఉంటే, కరెంటు లేని బావికి మోటరెక్కడిది?

"కరెంటు లేకుండెనని ఎవలు చెప్పాలె?" అన్నాడు వాడు. నిలదీయడానికి కాదు, నిజంగానే తెలియక.

అదే ఊళ్లో రిటైరైన లైన్‌మన్ ఉన్నాడు. పిలిపించాను. ఆయన కొట్టాన్ని గానీ కారును గానీ చూడలేదు. తిన్నగా బావి పక్క స్తంభం దగ్గరికి పోయి, దాని మీద చెయ్యి వేశాడు.

"ఈ కంబమా? నా కొలువుల నేను పాతిన మొదటి కంబం. గుంత తవ్వుతుంటె తేలు కుట్టింది. ఎట్ల మరుస్తనే?" కాగితం మీది సంవత్సరం చూపిస్తే వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "గిది రాసిన ఆరేండ్లకు నాకు కొలువొచ్చింది."

మిగిలింది పెద్దమ్మే చెప్పింది. ఎక్కువున్న భూమిని సర్కారు తీసుకునే సీలింగు చట్టం కాలంలో, మోటరు కనిపిస్తే దాని వెనక భూమి కూడా కనిపిస్తుందని మామ భయపడ్డాడట. కారును పట్నంలో అమ్మేశానని ఊరికి చెప్పి, గోడ కట్టించాడు. కాగితంలో కారని రాయిస్తే ఆఫీసువాళ్లు చదువుతారని, మోటరని రాయించాడు. ఏ ఆఫీసరు చదివినా పంపు అనుకోవాలి. కారును గోడ వెనక, దాని పేరును ఇంకో పేరు వెనక దాచాడు. అబద్ధాలాడే వృత్తిలో ఉన్నవాణ్ని కనుక చెప్తున్నాను, అంత శుభ్రమైన పని నేను ఇంకెక్కడా చూడలేదు.

"గని నీకే ఎందుకు రాసిండు తాత?" అని అడిగాడు మరిది కొడుకు.

"మీ తాతకు కండ్లు మసకలొచ్చినయి. డ్రైవరు చెప్పకుండ పోయిండు. మీ నాయినకు మోటరంటే భయం, మీ పెదనాయినకు నిద్ర. ఇగ తోలేటోళ్లు ఎవలున్నరు? కొంగు నడుముకు చెక్కి నేనే తోలిన. తాలూకా ఆఫీసుకు, దవాఖానకు, అన్నింటికి."

వాడు చాలాసేపు కారును చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టాడు. అది ఆ రోజు రెండో వింత. "తాత మస్తు జాదుగాడే," అన్నాడు. "నీదే పెద్దమ్మా. జేసీబీ రెండు రోజులాగుతది, ఫికర్ చెయ్యకు."

తుర్కయాంజాల్ పాత టైర్ల దుకాణంలో కొలతకు దగ్గరగా ఉన్న నాలుగు వెతికి తెచ్చాను. మూడో రోజు ట్రాక్టరుకు తాడు కట్టాం. తాడుతో లాగే బండికి స్టీరింగు పట్టేవాళ్లు ఉండాలి కదా. మరిది కొడుకు ఎక్కి కూర్చున్నాడు. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"దిగు."

"నువ్వు తోలక యాభై ఏండ్లాయె పెద్దమ్మా."

"యాభై ఏండ్ల సంది స్టీరింగు ఏమన్న కొత్తగ నేర్సుకున్నదా? దిగు."

దిగాడు. ఇబ్రహీంపట్నం దాకా ఆమే తిప్పింది. నేను వెనక సీట్లో, ముంగిస ముట్టని పక్కన కూర్చున్నాను. చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు ఆపడానికి చెయ్యెత్తి, స్టీరింగు వెనక ఎవరున్నారో చూసి, ఎత్తిన చేతిని నుదుటి దాకా తీసుకుపోయి సలాం చేశాడు. చాయ్ హోటల్ ముందు అందరూ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఒక్కడూ "పెద్దమ్మ మోటరే" అనలేదు. అనడానికి ఇక ఏముంది, ఎదురుగానే ఉంది.

పెద్దమ్మ ఇంటికి పోయేముందు బాగుచేయడానికి ఇప్పుడది మా దుకాణం వెనక రేకుల షెడ్డులో ఉంది. సీటు నేనే కుడుతున్నాను. తెల్లబూట్లవాళ్లు పసిగట్టి వస్తూనే ఉన్నారు. అమ్మమని అడిగితే పెద్దమ్మ "నా కాయిదంల అమ్ముమని లేదు" అంటుంది.

ఇదంతా రాసి, నిన్న ఆమెకు చదివి వినిపించాను. దండ దగ్గర నవ్వింది. ముంగిస దగ్గర "అవ్, గట్లనే పోయింది" అంది. చివరిదాకా విని, ఒక్కటే అడిగింది.

"కరెంటు మాట ఎవలన్నరు రా?"

ఆ ముక్క కొట్టేస్తానన్నాను.

"కొట్టెయ్యకు, వకీలు ముచ్చట మంచిగనే ఉన్నది. కింద నిజం రాయి."

రాస్తున్నాను. పళ్లసెట్టు నిజం, ముంగిస నిజం, కానిస్టేబులు సలాం నిజం. చిలకల సంగతి మీకే తెలుసు. కల్పించింది ఒక్కటి. ఆ రోజు కొట్టంలో నాకేమీ తట్టలేదు. జనం తలలూపినప్పుడు నేను కూడా ఊపాను. "పోనీ తీయ్ పెద్దమ్మా, కనవడ్డది గద, గదే సాలు" అన్నాను కూడా. ఆమె నన్ను పక్కకు జరిపింది. కాగితం కవరులోంచి తీయనే లేదు. ఇంజను వరసా, మోటరు వరసా నోటికి చెప్పి, "ఈ బాయికి కరెంటెప్పుడొచ్చింది?" అని అడిగింది ఆమే. లైన్‌మన్‌ను పిలవమన్నదీ ఆమే. నేను చేసిందల్లా స్కూటర్ మీద పోయి ఆయన్ని తీసుకురావడం.