గాలి పీల్చే డబ్బా

కరీంనగర్‌లో బస్సెక్కినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఒళ్లో రెండు చిన్న కంప్యూటర్లు ఉన్నాయి. మరమగ్గం మీద పోగు తెగితే కెమెరాతో కనిపెట్టడానికి వాటిలో ఏది కొనాలో సాయంత్రంలోగా మగ్గాల షెడ్డు యజమానికి చెప్పాలి. ఒకదానిలో ఫోన్లలో వాడే ఏఆర్ఎమ్ రకం ప్రాసెసర్. చవక, ఫ్యాన్ అక్కర్లేదు, కానీ నిదానం. రెండోది ఆఫీసు కంప్యూటర్లలో ఉండే ఎక్స్86 రకం. చురుకైనదే, కానీ వేడెక్కుతుంది, ఫ్యాన్ ఉండాల్సిందే. ఫోన్‌లో వాటి వేగాల పట్టికను పదోసారి తెరిచాను.

షిఫ్టు దిగి వస్తున్న నేత కార్మికుడొకాయన పక్కనే కూర్చుని, ఫ్యాన్ జాలీ మీద వేలు పెట్టాడు.

“గీ బొక్కలు ఎందుకు సార్?”

“వేడెక్కకుండా గాలి పీల్చుకోవడానికి.”

“సాంచెల కాడనే పెడ్తరా?”

“అవును, మగ్గాల పక్కనే.”

ఆయన తన భుజం మీది నూలు నూగును చిటికెడు తీసి జాలీ మీద అద్దాడు. రంధ్రాలు మూసుకుపోయాయి.

“మా కాడ గాలంటే గిదే సార్. గీ పంక వారం గూడ తిరగది.”

“మీరెన్నేళ్లుగా చేస్తున్నారక్కడ?”

“ఇర్వై ఏండ్ల సంది,” అని, దగ్గుకుంటూ పెద్దపల్లిలో దిగిపోయాడు.

చివరికి ఫ్యాన్ లేని డబ్బానే షెడ్డులో పెట్టించాను. ఇప్పటికీ నడుస్తోంది. ఆ షెడ్డులో గాలి అక్కర్లేనిది అదొక్కటే.