సిర్కా సీసా మెడలో

ఇన్నాళ్లూ నేను మీకు చెప్పినవాటిలో సగం కోతలే, ఒప్పుకుంటాను. ఇది మాత్రం మిగతా సగంలోది.

బహదూర్‌పురాలో మా పక్కింటి యూసుఫ్ భాయ్ ఫైటర్ చేపలు పెంచుతాడు. పోయిన చలికాలం పెళ్లికని బీదర్ వెళ్తూ, అప్పుడే గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని నాకు అప్పగించాడు. కనురెప్ప వెంట్రుకంత ఉన్నాయి. వాటి తిండి సిర్కా సీసాలో ఉంది. సిర్కా అంటే వినెగర్. అందులో పురుగులు!

"కరుస్తయా భాయ్?"

"అరె, కంటికే సరిగ కనవడవ్. సిర్కాల్నే పుడ్తయ్, అండ్లనే పెరుగుతయ్. సీసా మెడల దూది వెట్టి, మీద మంచినీళ్లు పోసిన. గాలి కోసం దూదిలకెళ్లి పైకొస్తయ్. డ్రాపర్‌తోని తీసి చేపలకెయ్యి. తిండి తప్పిందనుకో, పిల్లలు ఖతం. మజాక్ జెయ్యకు తమ్మీ."

"ఫికర్ జెయ్యకు భాయ్. దావత్ లెక్క వడ్డిస్త."

మొదటి రాత్రే కరెంటు పోయింది. ఎనిమిదిన్నర. దయ్యాలకి అదేం టైము? ఫోన్ లైటు వేసి సీసా దగ్గరికి వెళ్లాను.

టిక్... టిక్...

గోటితో గాజును తట్టినట్టు. కుళాయి అనుకున్నాను. కట్టేసే ఉంది.

సీసా మెడలో, నీటికి పైన... తెల్లగా ఒకటి నిలబడింది. నా చిటికెన వేలంత. తాడులా మెలితిరిగి... మెల్లగా ఊగుతోంది. లైటు ఎడమకి తిప్పాను. అదీ ఎడమకి వంగింది. కుడికి... కుడికి. ఫోన్ వెనక్కి దాచాను.

చీకట్లో... టిక్.

మీ వీరుడు సీసా మొత్తం మోరీలో ఒంపేశాడు. పైన అర డబ్బా ఫినాయిల్ కూడా.

పొద్దున దుకాణంలో మామూలు సిర్కా కొని, సీసా నింపి, దూది పెట్టేశాను. చేపలకి బిస్కెట్ పొడి చల్లాను. వాటి నోళ్లకి అది బండరాయి.

భాయ్ ఫోన్ చేశాడు. "తింటున్నయా?"

"మస్తు తింటున్నయ్ భాయ్."

పురుగుకి భయపడ్డానని ఎలా చెప్పను? మర్నాడూ అదే మాట చెప్పాను. అతను వచ్చేసరికి ఒక్క పిల్లా మిగల్లేదు. సీసా లైటుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"గల్తీ నాదే. సిర్కా తేజ్ అయినట్టుంది, పురుగులే సచ్చినయ్. నువ్వేం జేస్తవ్ తమ్మీ" అని నా భుజం తట్టాడు.

నాకు జోకు దొరకని రోజు అదొక్కటే.

ఇప్పుడు ఇంకెవరి దగ్గర్నుంచో పురుగుల్ని తెచ్చి కొత్త సీసా పెట్టాడు. చూశాను. సన్నటి పొగలా కదులుతాయి, అంతే. అవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని తాడులా లేస్తాయా? లేస్తే... ఆ చప్పుడేంటి?

తెలిస్తే యూసుఫ్ భాయ్‌కే తెలియాలి. కానీ అడగాలంటే, ముందు ఆ సీసా ఏమైందో చెప్పాలి.