గుట్ట మీది పచ్చరంగు

మా రూతమ్మత్తతో ఫోనులో ఒక్క మాట అనకపోయి ఉంటే ఈ ప్రయాణమే ఉండేది కాదు. “అత్తా, మామ సమాధి కాడ చెట్లు ఇంకా ఉన్నయి. ఫొటోల పచ్చగ కనబడుతున్నది” అన్నాను. ఆమె మా మేనత్త, గోదావరిఖనిలో ఉంటుంది. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గని కోసం పాత ఊరు ఖాళీ చేసినప్పుడు మిగతావాళ్లు తమవాళ్ల ఎముకలను కొత్త చోటికి మార్చుకున్నారు. అత్త అప్పుడు మోకాలి ఆపరేషనై హైదరాబాదు ఆసుపత్రిలో ఉంది. ఆమె భర్త యోహాను మామ పాత ఊరి మట్టిలోనే ఉండిపోయాడు. ఆయన పక్కనే తననూ పెట్టాలని అత్త కోరిక. ఆ చోటు మిగిలిందో లేదో వెళ్లి చూసే ధైర్యం మాత్రం ఇన్నేళ్లూ చేయలేదు.

సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగకు ముందురోజు సికింద్రాబాదులో పొద్దుటి రైలెక్కాను. సీటు ముందే రిజర్వు చేసుకోండి. కాజీపేట దాకా నిలబడ్డవాళ్ల అవస్థ చూసి చెబుతున్నాను. లాప్‌టాప్ తెరవగానే పక్కసీటాయన మెడ చాచాడు. సెలవు ముగించుకుని డ్యూటీకి వెళ్తున్న గని కార్మికుడట.

“ఏందక్కా గా రంగులు?”

“ఉపగ్రహం తీసిన ఫొటో అన్నా. ఏది పొలం, ఏది నీళ్లు, ఏది చెట్లు అని కంప్యూటరే రంగులేస్తది.”

“దానికెట్ల తెలుస్తది?”

వేలకొద్దీ ఫొటో ముక్కలు చూపించి ఇది చెట్టు, ఇది నీరు అని నేర్పుతామనీ, ఆ తర్వాత కొత్త ఫొటోలో అదే పోల్చుకుంటుందనీ, దీన్నే డీప్ లెర్నింగ్ అంటారనీ చెప్పాను. నా ఉద్యోగమే అది కనుక కాస్త గొప్పగానే చెప్పాను. “అయితే మా దిక్కు మొత్తం నల్లగనే రావాలె” అని నవ్వాడు. నేను మామ సమాధి ఉన్న చోటి పచ్చటి మచ్చను చూపించి, ఇది మాత్రం మిగిలిందన్నాను.

రామగుండంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. స్టేషను బయట గోదావరిఖనికి షేర్ ఆటోలుంటాయి గానీ నిండేదాకా కదలవు. అత్త అప్పటికే సున్నం డబ్బా, కుంచె, బంతిపూలు, కొవ్వొత్తులు సంచిలో సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. “జల్ది తిను బిడ్డా” అని పప్పుచారు పోస్తూనే తొందరపెట్టింది.

ఆటో మాట్లాడుకుని, ఫోనులో మ్యాపు చూసుకుంటూ వెళ్లాం. దారి ఒక గుట్ట ముందు ఆగిపోయింది. బొగ్గు మీది మట్టిని తవ్వి పోసిన గుట్ట. దాని నిండా వేప, కానుగ, వరసలు వరసలుగా. సమాధుల మధ్య వాటంతటవే పెరిగిన చెట్లు అంత వరసగా ఉండవు.

గుట్ట కింద కూర్చున్న కాపలా ఆయన లేచి వచ్చాడు. “మీదికి పోనియ్యరవ్వా. ఏం పని?”

“గీడ బొందలగడ్డ ఉండాలె గద” అంది అత్త. శ్మశానాన్ని అక్కడ అలాగే అంటారు.

“అది గీ గుట్ట కిందికి పోయింది. చెట్లు తర్వాత పెట్టిన్రు.”

అత్త చాలాసేపు తలెత్తి చూసింది. “నీ కంప్యూటర్ తప్పు చెప్పిందా?”

“లేదత్తా. చెట్లున్నయన్నది, ఉన్నయి. గవి మామ కాడి చెట్లేనని నేననుకున్న.”

అత్త ఆటోలోని సంచిలోంచి బంతిపూలు, కొవ్వొత్తి తీసుకొచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది. గుట్ట అడుగున పూలు పెట్టింది. కొవ్వొత్తి గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించి ప్రార్థన చేసుకుంది. సున్నం డబ్బా ఆటోలోంచి దిగనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలెక్కాను. మట్టిగుట్టల మీద నాటిన చెట్లకు వేరే పేరు, వేరే రంగు పెట్టి, వాటి నమూనాలు విడిగా దాచాను. ఇకమీదట ప్రోగ్రాము వాటిని విడిగా చూపిస్తుందేమో. ఈ వైపు వచ్చేవాళ్లకు ఆ గుట్టలు దూరం నుంచి అందంగానే కనిపిస్తాయి, కాదనను. నాకు మాత్రం ఒకటే బాధ. వచ్చి చూసి చెప్పాల్సిన మాట, చూడకుండానే చెప్పి ఆమెకు ఆశ పెట్టాను.

అంతలో అత్త ఫోను. కట్టిచ్చిన పులిహోర తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాక, “ఎప్పటికైనా ఆయన పక్కకే పండుకుంటననుకున్న బిడ్డా. ఇగ నన్నేడ పెట్టినా ఒకటే” అంది.

పెద్దపల్లి దాటాక కూడా ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. అత్త ఎప్పుడో పెట్టేసింది.