మావ పంచె, గరివిడి రాయి

ఆ రోజుల్లో నన్ను ఎవరు ఎక్కడ ఏమన్నారో ఒక్కటీ మరిచిపోలేదు నేను. వయసు పైబడితే అలాంటివి వాటంతటవే రాలిపోతాయంటారు. నాకు జుట్టు రాలింది గానీ అవి రాలలేదు. విజయనగరంలో మా మేనమామ ఇంట్లో ఉండి ఎమ్మెస్సీ జియాలజీ చదివిన కాలంలో నాకు జరిగిన అవమానాలు వరసగా పేర్చుకుంటే, అన్నిటికన్నా పైన ఉండేది మా లెన్సు మాస్టారు అన్న మాట. (ఎప్పుడూ మెడలో తాడుకి భూతద్దం వేలాడేది కాబట్టి ఆ పేరు. పెట్టింది నేను కాదు, నింద మాత్రం నా మీదే పడింది.) నేను నెలల తరబడి మోసుకు తిరిగిన రాయిని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, తల ఎత్తకుండానే, "ఇయ్యి స్ఫటికంలో గీతలు కావురా. నువ్వు గోకిన గోకుడు" అన్నారు. పక్కన మా బ్యాచ్ అంతా ఉంది. నవ్విన వాళ్లెవరో ఇప్పటికీ చెప్పగలను.

ఆ రాయి గరివిడి దగ్గర పాత మాంగనీసు గని పక్కన, పనికిరాదని పోసేసిన గుట్టలో దొరికింది. నిమ్మకాయంత ఉంటుంది, చేతిలో పెట్టుకుంటే దాని పరిమాణానికి మించిన బరువు. రంగు ఉక్కు బూడిద, ఎండలో తిప్పితే కంచు మెరుపు. చాకు మొన దాని మీద జారిపోయేది. పింగాణీ పలక మీద రుద్దితే ముదురు గోధుమ రంగు చార పడేది. జేబులోంచి అయస్కాంతం తీసి దగ్గర పెడితే టక్కున అంటుకుంది, ఊడదీయడానికి గోళ్లు కావాల్సి వచ్చింది. వ్రెడెన్‌బర్గైట్ అనే అరుదైన ఖనిజం తప్ప ఇంకోటి కాదని అక్కడే, ఆ గుట్ట మీదే తేల్చేసుకున్నాను.

దాని కథ వింటే మీకూ ముచ్చటేస్తుంది. భూమి లోతున మహా వేడిలో ఇనుము, మాంగనీసు, ఆక్సిజను కలిసి అది ఒకే స్ఫటికంగా పుడుతుంది. మెల్లగా చల్లారే కొద్దీ తనలో తానే రెండు ఖనిజాలుగా విడిపోతుంది. ఒకటి జాకబ్‌సైట్. దాని అమరిక ఘనంలా ఉంటుంది, మూడు వైపులా ఒకటే కొలత. రెండోది హౌస్‌మనైట్. ఇందులో మూడేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మాంగనీసు పరమాణువులు ఎక్కువ. ఒక్కోదాని చుట్టూ ఆరు ఆక్సిజన్లు గూడు కట్టుకుని ఉంటాయి. ఆ మాంగనీసు నాలుగింటిని దగ్గరికి లాక్కుని, పైనా కిందా ఉన్న రెండిటినీ దూరంగా నెట్టేస్తుంది. గూడు సాగుతుంది. గూళ్లన్నీ ఒకే దిక్కుకి సాగడంతో స్ఫటికం మొత్తం పొడవెక్కుతుంది. (పోగొట్టుకున్నదాన్ని మరిచిపోకుండా ఇల్లంతా సాగదీసే ఆ పరమాణువంటే నాకు మొదటినుంచీ గౌరవం.) విడిపోయిన ఆ రెండూ ఒకదాన్నొకటి వదిలి ఎక్కడికీ పోవు. ఒకదానిలో ఒకటి సన్నని పలకలుగా, కచ్చితమైన కోణాల్లో ఒదిగిపోయి ఉంటాయి. ఇంత పనితనం చూపించిన రాయికి లోకం చేసిన మర్యాద ఏమిటంటే, ఇది ఒక్క ఖనిజం కాదు, రెండిటి కలయిక అంటూ ఖనిజాల జాబితాలోంచి పేరు కొట్టేసింది. నా సంగతి వదిలేయండి, ఆ రాయికి జరిగిన అన్యాయం నేను ఈ జన్మలో క్షమించను.

మాస్టారు గడువు పెట్టారు. శనివారం మధ్యాహ్నానికి ఆ పలకలు తనకి కనబడాలి. లేకపోతే నా ప్రాజెక్టు పేరులోంచి ఆ ఖనిజం పేరు తీసేసి, మామూలు మాంగనీసు ధాతువు అని తానే రాసేస్తారు. సగం రాయి అప్పటికే కోతకీ అరగదీతకీ పోయింది. మిగిలింది ఒక్క ముక్క. తప్పు నాది కాదు, లేబొరేటరీ గుడ్డది. రాయిని అద్దంలా నునుపు చెయ్యాలంటే గుండ్రంగా తిరిగే పళ్లెం మీద గుడ్డ బిగించి, తడిపి, అల్యూమినా పొడి వేసి గంటల తరబడి రుద్దాలి. మా ముందు బ్యాచ్‌లన్నీ రుద్ది రుద్ది ఆ గుడ్డలో ఇసుకంతా నింపి పెట్టారు. కొత్తది అడిగితే వస్తుందన్నారు. ఎప్పుడని అడిగితే నా వైపు వింతగా చూశారు.

ఇంటికొచ్చి ఈ గోడంతా అత్త ముందు వెళ్లబోసుకున్నాను. నూగు రాలని మెత్తటి నూలు గుడ్డ కావాలన్నాను. మా అత్తది సాలూరు, లారీల ఇంటి ఆడపడుచు. వాళ్లింట్లో పాత పంచె అంటే లారీ అద్దం తుడుచుకునే గుడ్డ, అంతే. లోపలికెళ్లి మడత పెట్టిన పాత పంచె ఒకటి తెచ్చి, నేను వద్దనేలోగా (నేను వద్దనలేదు, కానీ అనే అవకాశమూ రాలేదు) పర్రున చింపి సగం నా చేతిలో పెట్టింది. "మా నాన్న లారీ తుడుసుకోడానికి దీనికన్నా మంచివే సింపేవోడు, తీస్కెల్లు" అంది.

మా మావ పొందూరు పక్క మనిషి. బాప్టిస్టు చర్చిలో పెద్ద. ఆదివారం ఆరాధనకి పొందూరు ఖద్దరు పంచె తప్ప కట్టడు. అందులోనూ కొత్తవి కట్టడు. సన్న నూలు పంచె ఉతికే కొద్దీ మెత్తబడుతుందనీ, పాతబడ్డాకే దానికి అసలు విలువ వస్తుందనీ ఆయన సిద్ధాంతం. ఇంట్లో ఉన్న పంచెలన్నిట్లోకీ అతి పాతది, అతి ప్రియమైనది ఏదో మీరు ఊహించే ఉంటారు. శనివారం ఉదయం మర్నాటి కోసం ఇస్త్రీ చేసుకుందామని ఆయన దాన్ని వెతుక్కున్నాడు.

ఆ సమయానికి నేను లేబొరేటరీలో ఉన్నాను. ఆ గుడ్డ గురించి చెప్పాలంటే మాటలు చాలవు. రెండు రోజులు రుద్దేసరికి రాయి ముఖంలో నా ముఖం కనబడింది. భూతద్దం పెట్టి ఎంత వెతికినా ఒక్క గీత లేదు. మాస్టారు స్టూలు మీద కూర్చుని కన్ను ఆనించారు. సరిగ్గా అప్పుడే చిరిగిన పంచె చేత్తో పట్టుకుని మా మావ లోపలికొచ్చాడు.

"నా పంచె ఏటి సేసినావురా" అన్నాడు. గట్టిగా అరవలేదు, అదే భయం. చింపింది అత్త అని నేను మొదలుపెట్టాను. ఆయన వినలేదు. "అంత మెత్తదనం రావాలంటే ఒక జీవితం ఉతకాల. దాన్ని రాయికి కట్టబెట్టినావా?"

మాస్టారు చెయ్యెత్తి ఆగమన్నారు. మైక్రోస్కోపులో రాయిని పెట్టిన చిన్న గుండ్రటి బల్లని మెల్లగా తిప్పుతున్నారు. అడ్డ వెలుగులో, అంటే ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు వడపోత అద్దాల్లోంచి చూస్తే, జాకబ్‌సైట్ ఎటు తిప్పినా చీకటిగానే ఉంటుంది. హౌస్‌మనైట్ పలకలు మాత్రం తిప్పే కొద్దీ వెలుగుతాయి, ఆరిపోతాయి. ఒక వరస వెలిగితే దానికి అడ్డంగా ఉన్న వరస ఆరుతుంది. గోకుడు గీతలు ఆ పని చెయ్యలేవు. ఆయన బల్లని ఒక చుట్టు పూర్తిగా తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు. చివరికి లేచి, నన్ను దాటుకుని (నన్ను దాటుకుని!), మావ భుజం మీద చెయ్యి వేశారు. "పంచె గొడవ తర్వాత సూద్దాం. ముందిలా కూసోండి. మీ గుడ్డ ఏటి సేసిందో సూడండి."

మావ అయిష్టంగా కూర్చున్నాడు. మాస్టారు బల్ల తిప్పారు. మావ వీపు ఒక్కసారిగా బిగుసుకుంది. పంచె ముక్క ఒళ్లోకి జారిపోయింది.

"ఏటిరా ఇది. నిలువు పోగు, అడ్డ పోగు... ఎవులు నేసినారు?"

"ఎవులూ నెయ్యలేదండి. సల్లారినాది, అంతే" అన్నారు మాస్టారు.

"ఎవులూ నెయ్యకండా ఇంత తిన్నగా వస్తాదా" అని మావ నెమ్మదిగా అన్నాడు. కన్ను మాత్రం తియ్యలేదు. "ఇంకోపాలి తిప్పండి" అన్నాడు మావ.

నా ప్రాజెక్టు పేరు నిలబడింది. ఆ మాట మాస్టారు మావకి చెబుతుండగా నేను పక్కనుంచి విన్నాను. తర్వాత ఆ ఇద్దరూ వంతులు వేసుకుని చూసుకున్నారు. గుట్టలో వెతికింది నేను, రుద్దింది నేను, తిట్లు తిన్నది నేను. గోకుడు అన్న మాట వెనక్కి తీసుకోమని అడుగుదామనుకుంటూ, వాళ్ల మోచేతుల మధ్యనుంచి తల దూర్చాలని చూశాను. కుదరలేదు. సాయంత్రం అటెండరు వచ్చి దీపాలార్పేదాకా ఒక్కసారి కూడా నన్ను ఆ స్టూలు మీద కూర్చోనివ్వలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ఏటా ఒకసారి ఆ ముక్కని పిల్లలకి చూపిస్తాను. ముందు సరిగ్గా కనబడుతోందో లేదో చూసుకోవాలి కదా అని నేనే కూర్చుంటాను. ఒక వరస వెలుగుతుంది, ఒకటి ఆరుతుంది. కాసేపటికి వెనక నుంచి ఎవరో ఒకరు, మెడ బాగా చాచుకున్న వాడే అయ్యుంటాడు, "సార్, మా వంతు ఎప్పుడొస్తాది" అంటాడు. వాడి గొంతులో ఆ కష్టం నాకు బాగా తెలుసు. అయినా లేవబుద్ధి కాదు. ఇంకోసారి తిప్పుతాను.