ఫోటోలో రాని నీలం

ఎండాకాలంలో మనవరాలు వాకిట్లో నీళ్ళు చల్లితే కాలిన మట్టి నుంచి ఒక వాసన లేస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, నేను ఇంట్లో ఉండను. అనంతగిరి గుట్ట కింద, ఎండిన వాగులో మోకాళ్ళ మీద పాకుతుంటాను. మూరెడు దూరంలో ఒక సీతాకోకచిలుక, నా వెనక జైనబ్ పంతులమ్మ. ఊపిరి బిగబట్టమని ఆమె చెబుతూనే ఉంటుంది. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎక్కువ మంది లేరు. నాకు సంతకం తప్ప రాయడం రాదు, అందుకే నోటితో చెబుతున్నాను.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నా భర్త చలిజ్వరంతో పోయాడు. నాకప్పటికి ఇరవై నిండలేదు, చంకలో ఆడపిల్ల. మాది మేకలు కాసే ఇల్లు. పనుల మీద పోయేవాళ్ళకు నేను ఎదురు రాకూడదని, శుభానికి పోయేవాళ్ళ మీద నా నీడ పడకూడదని అత్త కట్టడి చేసింది. ఊరు లేవకముందే మేకలను తోలుకుని గుట్టకు పోయేదాన్ని. మనుషుల అలికిడి వింటే చెట్టు చాటుకు తప్పుకునేదాన్ని. అట్లా ఏడెనిమిదేళ్ళు బతికాను.

ఆ మధ్యాహ్నం కూడా తప్పుకున్నాను. వాగు దారిలో ఒకామె వస్తోంది. వయసు యాభై దగ్గర. బురఖా తీసి భుజాన వేసుకుంది, మెడలో నల్లని డబ్బా కెమెరా. తాండూరు ఆడపిల్లల బడిలో పంతులమ్మ అని, సెలవుల్లో వికారాబాదు దాకా రైల్లో వచ్చి అక్కడి నుంచి నడుస్తుందని తర్వాత తెలిసింది. పొద వెనక నా కొంగు కనబడి ఆగింది. ఎందుకు దాక్కున్నావని అడిగితే, మొగడు లేనిదాన్ని, ఎదురొస్తే మీ పని చెడుతుందని చెప్పాను.

"నా పని మూడు దినాల సంది చెడుతనే ఉన్నది. నువ్వు కొత్తగ చెడగొట్టేది ఏమున్నది? ఎదురు రా. గీ సీతాకోకచిలుకలు ఏడ వాల్తయో ఎరికేనా?"

ఎరుకే. వేసవిలో వాటిని పూల మీద వెతికితే లాభం లేదు. మేకలు నిలబడి ఉచ్చ పోసిన ఇసుక చెమ్మగా ఉంటుంది. పొద్దెక్కాక అక్కడికి గుంపుగా వచ్చి వాలి ఆ ఉప్పు చెమ్మ పీలుస్తాయి. అప్పుడు కదలవు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, అది కూడా ఒక తెలివేనని నాకెవరూ చెప్పలేదు. తీసుకుపోయి చూపించాను. పంతులమ్మ ఆ కంపులోనే బోర్లా పడుకుంది.

గుట్ట మీది పన్నెండు రకాలను ఫోటో తీసి, ఒక్క అట్ట మీద అంటించి బడి గోడకు పెట్టాలని ఆమె పంతం. తన బడి పిల్లలను ఇంటివాళ్ళు గుట్టకు పంపరు, కాబట్టి గుట్టనే పిల్లల దగ్గరికి తీసుకుపోవాలి. ఆమె ఒక కంట్లో మోతిబిందు పొర అప్పటికే ముదిరింది, రెండో కంట్లో మొదలైంది. ఉన్న చూపు పోయేలోపు పన్నెండూ పూర్తి కావాలి. కెమెరా ముందు ఒక భూతద్దం బిగించి, దానికి మూరెడు దారం, దారం కొసన ఒక పూస కట్టింది. పూస సీతాకోకచిలుక పక్కన తాకితేనే బొమ్మ సాఫుగా వస్తుంది, లేకపోతే మసకే. పూస పట్టుకుని పాకే పని నాది. నీ నీడ దాని మీద పడొద్దని ఆమె అన్నప్పుడు నేను పూస వదిలేసి వెనక్కి జరిగాను. ఆమె తన చేతిని ఎండలో ఆడించింది. గుంపంతా లేచిపోయింది.

"చూసినవా? నా నీడకు గూడ లేస్తయ్."

నీడ అంటే నీడే, ఇంకేమీ కాదని నాకు తెలిసింది ఆ రోజే.

మర్నాడు నేనొక తెలివితక్కువ పని చేశాను. పెద్దమనిషి ఫోటోకు వస్తోందని ఆ కంపు ఇసుకంతా ఎత్తిపోసి, కొత్త ఇసుక పరిచి, చుట్టూ ముగ్గు పెట్టాను. ఇంట్లో నన్ను ముగ్గు పెట్టనిచ్చేవారు కాదు, అక్కడ మనసారా పెట్టాను. ఎండలో కూర్చుంటే ఒక్కటీ వాలలేదు. పంతులమ్మ ముగ్గు కేసి చూసి, ఏమే లచ్చమ్మా, పెండ్లి చేస్తున్నవా వాటికి అని నవ్వింది. తిట్టలేదు. మేకలను మళ్ళీ అక్కడే నిలబెట్టి రెండు రోజులు కాచుకున్నాం.

మూడు వేసవులలో పదకొండు దొరికాయి. పన్నెండోది నల్ల రెక్కల మీద నీలి పట్టీ ఉన్నది. అది వాలినట్టే వాలి లేచిపోయేది. ఈలోపు ఊళ్ళో మాటలు మా బావ చెవిన పడ్డాయి. నా భర్తకు అన్న, ఇంటికి పెద్ద. వాగు దాకా వచ్చి నిలబడ్డాడు.

"మొగడు పోయినదానికి సీతాకోకచిలుకల సోకులా? రేపటి సంది మేకల్ని నేనే తోల్క పోత."

పంతులమ్మ నా తరఫున మాట్లాడలేదు. నేనే అన్నాను. "తోల్క పో బావా. అది దొరికేదాంక నేను ఉత్త చేతులతోనన్న వస్త."

మేకలు పోయాయి, మేకలతో చెమ్మ పోయింది. కొంగులో గల్లుప్పు ముడేసుకుని పోయి, గుట్ట కింది ఊట బుగ్గ నుంచి కుండలతో నీళ్ళు మోసి, ఉప్పు కలిపి ఇసుక తడిపాను. ఎండ పీల్చేస్తుంటే మళ్ళీ తడిపాను. నాలుగో రోజు అది వచ్చి వాలింది. కెమెరా ఫిల్ము రోలులో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది. పంతులమ్మ కెమెరాలోకి చూసి, తలెత్తి, దాన్ని నా చేతిలో పెట్టింది.

"నాకు ఇసుక, రెక్క ఒక్క తీరే ఉన్నయ్. నువ్వు తియ్యి."

నేను దారి చెబుతుంటే పూసను దాని పక్కన ఆమె పట్టుకుంది. నేను మీట నొక్కాను. అది ఎగిరిపోయాక ఆమె మెల్లగా అడిగింది, ఏం నీలమని. నాకు తోచినట్టు చెప్పాను.

"పొద్దు గూకినంక జరసేపు ఆకాశంల ఉంటది సూడమ్మా, గది."

"గీ నలుపు తెలుపు ఫోటోల నీలం రాదు. చూసినదానివి నువ్వు. బడికొచ్చి పిల్లలకు నువ్వే చెప్పాలె."

వారం తిరగకుండానే బావ ఎండకు తాళలేక మేకలను అప్పజెప్పాడు. అట్ట తయారయ్యాక నేను మొదటిసారి రైలెక్కాను. తాండూరు బజారులో జనానికి ఎదురుగా నడిచాను, పక్కకు తప్పుకోలేదు. బడిలో ఆడపిల్లలు నా ముఖం కేసి చూస్తుంటే పన్నెండు రంగులూ చెప్పాను. వెనక బెంచీలో పంతులమ్మ కళ్ళు మూసుకుని విన్నది.

ఆమె పోయి చాలా ఏళ్ళైంది. అట్ట ఎక్కడుందో తెలియదు. పూస కట్టిన దారం మాత్రం నా పెట్టెలో ఉంది. అట్ట దొరికినా దాని మీద నీలం ఉండదు. అది చూసిన కళ్ళు నావి, చెప్పమని అప్పజెప్పింది ఆమె. ఈ నోట మాట ఉన్నంతవరకు చెబుతాను.