సోఫా కుడి చివర

ఆ చప్పుడు మొదటిసారి ఒక ఆదివారం మధ్యాహ్నం, టీవీలో ట్రక్కుల ప్రకటన వస్తున్నప్పుడు వినిపించింది. ప్రకటన రాగానే మ్యూట్ నొక్కడం నా అలవాటు. ఎవరో అరిచి అమ్మే వస్తువు నేను కొనను. ఆ నిశ్శబ్దంలో హాలు గోడలోంచి టక్ టక్ టక్‌మని, గోటితో చెక్క మీద తట్టినట్టు, తొందర లేకుండా, ఆగకుండా వినిపించింది.

"విన్నారా?" అన్నాను.

"ఏంటి?" అన్నారు మా ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"గోడలో ఏదో తడుతోంది."

"అల్ఫారెట్టాలో ఇళ్లన్నీ చెక్కతో కట్టినవే కదా. ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. దానికి అదే పని."

లేచి గోడ దగ్గరికి వెళ్లాను. ఆగిపోయింది. వచ్చి కూర్చున్నాను. ఆట మొదలైంది, జనం హోరులో ఇంకేమీ వినపడలేదు.

గోడలో ఉడతలుంటే ఉండనీ. ఆ సీజన్‌లో నన్ను నిజంగా భయపెట్టింది మా ఆయన. పాతికేళ్లుగా ప్రతి మాటకీ నాతో వాదించిన మనిషి, నా కళ్లముందే కొంచెం కొంచెంగా ఎక్కడికో వెళ్లిపోతున్నట్టు అనిపించేది. ఎక్కడికో తెలియదు. అడిగితే "నాకేం? బాగానే ఉన్నాను" అనేవారు. బాగున్నవాళ్లు ఆ మాట అంత తరచుగా అనరు.

అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి మాకు ఈ దేశంలో మొదటి ఉద్యోగం చేసిన ఊళ్లో పట్టింది. మంచు కురిసే ఊరు, బయట చేసేదేమీ లేదు, ఆట చూడటం నేర్చుకున్నాం. జార్జియా రాష్ట్రానికి, ఈ అల్ఫారెట్టాకి వచ్చినా జట్టు మార్చలేదు. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతి ఎత్తూ నడిపి బంతి విసిరే వాడు, మేము వచ్చిన కొత్తలో కుర్రాడు. ఇప్పుడు గడ్డం నెరిసింది. ఇదే అతని కాంట్రాక్ట్‌కి ఆఖరి ఏడాది. మళ్లీ కొన్నేళ్లకి రాసివ్వాలా, దండేసి పంపాలా అని ఊరూ వాడా కొట్టుకుంటోంది. మా ఇంట్లోనూ అదే.

మాకు క్రికెట్ రోజుల నుంచి వచ్చిన ఒక చాదస్తం ఉంది. గెలిచిన రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఆ సీజన్ అయ్యేదాకా వాళ్లు అక్కడే కూర్చోవాలి. మా ఆయన చోటు ఎప్పుడూ సోఫా ఎడమ చివర, వంటింటి వైపు. ఆ ఏడాది మొదటి ఆటకి ఎందుకో కుడి చివరకి, గోడ పక్కకి జరిగి కూర్చున్నారు. ఓడిపోవాల్సిన ఆట చివర్లో గెలిచాం. ప్రతి ఆదివారం ఆటకి వచ్చే ఆయన స్నేహితుడు, కరీంనగర్ మనిషి, వెంటనే తీర్పు చెప్పేశాడు.

"అన్నా, ఇగ సీజన్ మొత్తం నువ్వు గీడనే కూసోవాలె. లేసినవంటే ఊకోను చెప్తున్న. వదినా, నీ కుర్చీ గూడ గదే."

"బాత్రూమ్‌కి పోవచ్చా నాయనా?" అన్నాను.

"బ్రేక్‌ల పోయి రా."

అలా ఆ చోటు ఆయనకి ఖాయమైపోయింది. నా కుర్చీ గదికి ఇటు చివర. అక్కడినుంచి నాకు ఆయన ఎడమ పక్కే కనిపిస్తుంది.

చప్పుడు ప్రతి ఆదివారం వచ్చింది. పురుగులూ ఎలకలూ పట్టే కంపెనీ నుంచి ఒకతన్ని పిలిపించాను. గోడకి చెవి ఆనించి, అటక మీద లైటు వేసి చూసి, "నథింగ్ లివింగ్ ఇన్ దేర్, మ్యామ్" అని వెళ్లిపోయాడు. ఆ మాట నాకేమీ ధైర్యం ఇవ్వలేదు. బతికున్నదేదీ లేకపోతే తట్టేదెవరు?

ఇంకా కొన్ని జరిగాయి. ఆయన ఇంటినుంచే పని చేస్తారు. ఒక పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్తే మూసిన తలుపు వెనక నుంచి ఆయన గొంతు, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో: "ప్లీజ్ రివ్యూ కామా అండ్ లెట్ మీ నో ఫుల్‌స్టాప్ న్యూ లైన్." తలుపు తోశాను. కంప్యూటర్‌కి చెబుతున్నారు, అది రాస్తోంది. చేతులు రెండూ బల్ల కింద ఉన్నాయి.

"టైపింగ్ మర్చిపోయారా?"

"ఇది ఫాస్ట్‌గా అవుతుంది," అన్నారు. ముఖంలో ఏమీ లేదు. చిరాకు కూడా లేదు.

ఇంకో రోజు స్టవ్ పక్కనే నిలబడి ఫోన్ చూస్తున్నారు. పోపు మాడి పొగ అలారం మోగుతుంటే నేను మేడ మీంచి పరుగెత్తుకొచ్చాను. "వాసన రాలేదా మీకు?" అంటే, నేనేదో అడగకూడనిది అడిగినట్టు చూశారు.

అన్నిటికంటే ఆ ముఖం. మా జట్టు టచ్‌డౌన్ కొట్టినప్పుడు స్నేహితుడు సోఫా మీద ఎగిరాడు. మా ఆయన నోరు "అబ్బా! ఏం విసిరాడ్రా!" అంది. బుగ్గలు కదల్లేదు, కళ్లు వెలగలేదు. టీవీ వెలుగు పచ్చగా, తెల్లగా ఆ ముఖం మీద మారుతోంది తప్ప, ముఖం మారలేదు. ఆయన గొంతుతో ఎవరో పక్కగదిలోంచి పలుకుతున్నట్టు ఉంది.

వాదన మాత్రం ఆపలేదు. ఆయన పాత మనిషిగా కనిపించేది అప్పుడొక్కటే, అందుకని నేనే రెచ్చగొట్టేదాన్ని.

"నాలుగేళ్లు ఇవ్వాలి వాడికి," అనేవారు. "ఎదుటివాడు అడుగు వేయకముందే ఎటు వస్తాడో వాడికి తెలుసు. ఆ బుర్ర ఏ కుర్రాడికుంది?"

"బుర్రతో విసరరు కదండీ బంతి. చేసిన సేవకి శాలువా కప్పండి, దణ్ణం పెట్టండి. కాంట్రాక్ట్ రేపటికోసం ఇస్తారు. ఒక్క ఏడాది ఇస్తే అదే ఎక్కువ."

"ఒక్క ఏడాది అంటే పొమ్మనే కదా. ఎప్పుడు తీసేస్తారో అని భయపడుతూ ఎవడు ఆడతాడు?"

"వదిన టీమ్ మేనేజర్ అయితే టీమ్ మొత్తం బెంచ్ మీదనే," అన్నాడు స్నేహితుడు.

ఆ రోజు ఆట పైకప్పు ఉన్న స్టేడియంలో. క్వార్టర్‌బ్యాక్ ప్రతి ఎత్తు అవ్వగానే నడుముకి కట్టుకున్న వెచ్చని సంచిలో కుడిచెయ్యి దూర్చుకుంటున్నాడు. అది చలిలో ఆడేవాళ్లు కట్టుకునేది.

"లోపల ఏం చలండీ?" అన్నాను. "చెయ్యి దాస్తున్నాడు, చూడండి. దానికేదో అయింది. చెయ్యి పోయినవాడికి ఎవడిస్తాడు నాలుగేళ్లు?"

ప్రకటన వచ్చింది. మ్యూట్ నొక్కాను. గోడ మొదటిసారి నిశ్శబ్దంగా ఉంది. ఊపిరి బిగబట్టినట్టుగా. మా ఆయన నా వైపు తిరిగి చూశారు. చాలాసేపు, రెప్ప వేయకుండా.

సీజన్ ఆఖరి ఆట నాటికి చప్పుడు పెరిగింది. ఇక మ్యూట్ అక్కర్లేదు, వ్యాఖ్యాతల మాటల మధ్యలోనే వినపడుతోంది. స్నేహితుడు కూడా విన్నాడు. "హీటర్ గావచ్చు వదినా," అన్నాడు. చివరి నిమిషాలు, మేము వెనకబడి ఉన్నాం, బంతి మా ముసలి క్వార్టర్‌బ్యాక్ చేతిలో. టక్ టక్ టక్. గోడ మధ్యనుంచి కాదు, కిందనుంచి. సోఫాకీ గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంది. రిమోట్లూ బఠాణీలూ పడే సందు. అక్కడినుంచి.

లేచాను.

"వదినా! వదినా, కూసో! నీకు దండం పెడ్త!"

"నువ్వాగు," అని సోఫా చుట్టూ తిరిగి వచ్చి, చేతిపిడి మీదుగా వంగి, ఆ చీకటి సందులోకి చెయ్యి దూర్చాను. ఎలకో, ఉడతో, ఇంకేదో. ఏదైతేనేం, ఇవాళ తేలిపోవాలి.

వెచ్చగా తగిలింది. పిట్టని పట్టుకున్నట్టు గడగడ కొట్టుకుంటోంది. తర్వాత చల్లగా, గట్టిగా, పగడం ఉంగరం. కుజుడి కోసమని మా పెళ్లినాడే ఆయన వేలికి తొడిగించుకున్న ఉంగరం. అదే సోఫా చెక్కకి కొట్టుకుంటోంది.

ఆయన తల తిప్పలేదు. టీవీ వైపే చూస్తూ, పెదవులు కదలకుండా, "ఆట అయ్యేదాకా ఉండు," అన్నారు నాకు మాత్రమే వినపడేలా.

ఆ వేళ్లని గట్టిగా పట్టుకున్నాను. ఉంగరం చప్పుడు ఆగింది. వణుకు ఆగలేదు, నా చేతిలోకి వచ్చింది. నేను కదలకుండా నిలబడి ఉన్నాను, నా గాజులు వాటంతటవే గలగలమంటున్నాయి.

"గాజుల సప్పుడు ఆపు వదినా, టెన్షన్ అయితాంది!" అన్నాడు స్నేహితుడు, గోళ్లు కొరుక్కుంటూ.

ముసలాడు విసిరాడు. బంతి అందలేదు. ఓడిపోయాం. స్నేహితుడు నా వైపు ఒక్క చూపు చూసి, టీ కూడా తాగకుండా చెప్పులేసుకున్నాడు.

తలుపు పడ్డాక ఆయన చెయ్యి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు. మొదటిసారి వెలుగులో చూశాను. బొటనవేలూ చూపుడువేలూ కనపడని మాత్రని నలుపుతున్నట్టు ఆడుతున్నాయి.

"చెయ్యి పోయినవాడికి ఎవడిస్తాడన్నావుగా," అన్నారు.

"వాణ్ణన్నాను."

"వాడికీ నాకూ తేడా ఏంటి?"

"ఆ జట్టుకి ఇంకో కుర్రాడు దొరుకుతాడు. నాకు ఈ వయసులో ఇంకొకణ్ణి వెతికి, వాడికి ఉప్పు ఎంతెయ్యాలో నేర్పే ఓపిక లేదు. రేపే డాక్టర్ దగ్గరికి పదండి."

నవ్వారనుకుంటాను. ముఖం కదల్లేదు, గొంతులో మాత్రం నవ్వు ఉంది.

పార్కిన్సన్స్, అంటే వణుకు జబ్బు, అన్నారు. వాసన పోవడం, ముఖం బిగుసుకోవడం, అన్నీ దాని లక్షణాలే. మందులున్నాయి, చాలా ఏళ్లు నెట్టుకురావచ్చన్నారు. క్వార్టర్‌బ్యాక్‌కి వసంతంలో ఒక్క ఏడాదే ఇచ్చారు. నేను చెప్పిందే అయింది. అతని విషయంలో నా మాట ఇప్పటికీ మార్చుకోను.

ఇప్పుడు మా ఆయన మళ్లీ ఎడమ చివరే కూర్చుంటారు, కుడిచెయ్యి బాహాటంగా ఒళ్లోని చెక్క ట్రే మీద పెట్టుకుని. ఉంగరం తీసేద్దామంటే వద్దన్నారు. ప్రకటనలప్పుడు చప్పుడు గది మధ్యలోంచి వస్తుంది. నిద్రపడితే ఆ వణుకు ఆగిపోతుందని డాక్టర్ ముందే చెప్పాడు. చెప్పినా, ఆ చప్పుడు ఆగితే నా భయం నాదే.

మొన్న ఆదివారం మ్యూట్ నొక్కాను. ఏమీ వినపడలేదు. ఆయన తల వెనక్కి వాలి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, టీవీ వెలుగు ఆ ముఖం మీద పచ్చగా, తెల్లగా మారుతోంది. చెయ్యి ట్రే మీద రాయిలా ఉంది. కూర్చున్నచోటినుంచే, రెచ్చగొడదామని, గట్టిగా అన్నాను.

"ఆ ముసలాడికి నాలుగేళ్లట! సిగ్గులేకపోతే సరి!"

టీవీలో ఇంకో ప్రకటన మొదలై, అయిపోయింది.

"ఐదు," అన్నారు కళ్లు తెరవకుండా. టక్‌మంది ఉంగరం.